మినహాయింపుల ఫైలు

రాత్రి రెండూ పదికి
తనిఖీ ప్రోగ్రాం నిద్ర లేస్తుంది.
సోహార్ తీరంలో, సముద్రానికి ఉప్పు విడిపించే ప్లాంటులో
పద్దెనిమిది డిగ్రీల చలిగది.
నేనూ, అదీ.
ఒక్కో ఫైలు వేలిముద్ర సరిచూస్తూ పోతుంది.
నిన్నటి ముఖం ఇవాళ లేకపోతే
ఎర్రటి అక్షరాల్లో కేకేస్తుంది.

నలభై మూడు హెచ్చరికలు.
మొదటి వారం నలభై మూడూ చదివాను.
దాచిన ఫోల్డరు ఉంది అంటుంది.
ఉంది, పుట్టినప్పటి నుంచీ ఉంది.
ఈ ఆదేశం మారింది అంటుంది.
మారింది, సోమవారం నేనే మార్చాను.
ఈ తలుపు తెరిచి ఉంది అంటుంది.
పంపుల మీటర్లు మాట్లాడేది అందులోంచే తల్లీ, మూసేస్తే ఊరికి నీళ్లుండవు.
రెండో వారం పైపైన చూశాను.
మూడో వారం, టీ మీద మీగడ కట్టేలోపు
అన్నీ కలిపి చెత్తబుట్టలోకి.

ఆ రాత్రి బస్సులో, క్యాంపుకి పోతూ, ఉలిక్కిపడ్డాను.
పులి నిజంగా వచ్చే రోజు కూడా
ఇదే ఎరుపు, ఇదే గొంతు కదా.

మర్నాడు మినహాయింపుల ఫైలు తెరిచాను.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న నిహాల్,
శ్రీలంకలో గాల్ ఊరివాడు,
వరుస వరుసకీ కారణం రాసి వెళ్లాడు,
కొత్త కోడలి కోసం
పోపుల డబ్బాల మీద చీటీలంటించిన అత్తలాగ.
"ఇది బ్యాకప్‌ది, కంగారు పడకు."
"ఇది ప్రింటరు. దీనికి బుద్ధి లేదు."
"ఇదెందుకో నాకూ తెలీదు. జర్మన్ ఇంజనీరుకి తెలుసు. ఆయన వెళ్లిపోయాడు."
ఒక్క నక్షత్రం గుర్తు పెడితే
ఫోల్డరు మొత్తం నోరు మూసుకునేది.
నిహాల్ ఎక్కడా పెట్టలేదు.
ఒక్కొక్కటీ పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా.

చిట్టచివరి వరుసకి కారణం లేదు.
"ఉండనీ" అని మాత్రం.

తెరిచి చూస్తే పద్దెనిమిది వరుసల ప్రోగ్రాం.
పొద్దున పదిన్నర నుంచి గంట గంటకీ
గట్టు మీది ఉష్ణమాపకం చదివి, గాలిలో తేమ కలిపి,
లెక్క దాటితే పదకొండు ఫోన్లకు ఒక ముక్క పంపుతుంది.
బెంగాలీలో ఒకటి, ఉర్దూలో ఒకటి,
ఇంకోటి నా లిపిలో:
"జర నీడకు రాండ్రి."

నాది కాకినాడ. ఆ యాస నాది కాదు.
గొంతు మాత్రం తెలుసు.
ఆరో ట్యాంకు దగ్గర వెల్డరు, కోరుట్ల రాజమల్లు.
మధ్యాహ్నం పని ఆపమనే చట్టం జూన్‌లో మొదలవుతుంది.
ఎండ మే నెలలోనే వస్తుంది, క్యాలెండరు చూసుకోదు.

నలభై మూడో హెచ్చరిక దీని గురించే.
పాత సర్వరు నుంచి కొత్తదానికి నేను మోసినప్పుడు
ఈ ఫైలుకు నడిచే అనుమతి పోయింది.
మూడు వారాలు అదే అరిచింది.
మూడు వారాలు నేనే పారేశాను.

వెతుక్కుంటూ వెళ్లాను.
రాజమల్లు ముసుగద్దం పైకెత్తి,
"ఈ నడుమ ఫోను మోగుతలేదు సార్.
మోగకుంటే, ఇంకింత సేపు ఆగచ్చనుకున్నం."
అని, నీళ్లు తాగి,
"బషీర్ పడ్డడు మొన్న. బాగనే ఉన్నడు గని" అన్నాడు.
ఆ "గని" తర్వాత ఏమీ చెప్పలేదు.

నడిచే అనుమతి తిరిగి ఇవ్వడానికి
కీబోర్డు మీద నాలుగు సెకన్లు పట్టింది.

తర్వాత రెండు రాత్రులు కూర్చుని
నలభై రెండింటినీ ఒక్కొక్కటిగా మాన్పించాను,
పేరు పేరునా, కారణం రాసి.
నిహాల్ వరుసను కదపలేదు.
"తెలియని ప్రోగ్రాం" అన్న కేక వరకే దానికి మినహాయింపు.
అనుమతి సంగతికి ఇవ్వలేదు.
రేపు నాలాంటివాడెవడో
మళ్లీ దాని కాళ్లు కట్టేస్తే
అరవాలి, నిద్ర చెడేలా అరవాలి.
"ఉండనీ" కింద ఇంకో ముక్క చేర్చాను:
"ఆరో ట్యాంకు దగ్గర అడుగు."
మస్కట్ నుంచి ఆడిటర్లొస్తే ఏమంటారో చూడాలి.

ఇవాళ రెండూ పదికి
తెర మీద ఒకే ఒక్క ఎర్ర వరుస.
భయంభయంగా చదివాను.
ప్రింటరు.